ఆడని ఆరు గుంతలు

ఈ ఏడాది శనివారాలు నావి కావు.
మార్చిలో మొదటి మెడల్ పోటీని
గాలి ఎత్తుకుపోయింది, జెండా కర్రలతో సహా.
ఏప్రిల్లో నాలుగో గుంత పక్క వాగు పొంగి
బంకర్లో బాతులు ఈదాయి.
మే నెలంతా డ్రైనేజీ తవ్వకం.
నోటీసు బోర్డు మీద "వాయిదా" కాగితాన్ని
చించడం మానేశాను.
తేదీ ఒక్కటే మారుస్తున్నాను, పెన్సిల్‌తో.

ఇన్వర్‌కెల్డీ గోల్ఫ్ క్లబ్బులో
నన్ను పోటీల కార్యదర్శి అంటారు.
జీతం లేదు. ఒక తాళంచెవి,
చలికి ముడుచుకుని పడుకునే ఒక కంప్యూటరు,
తిట్లు దాచుకోవడానికి రెండు చెవులు.

హ్యాండిక్యాప్ అంటే ఏమీ లేదు,
గట్టివాడు మెత్తనివాడికి
ఆటకి ముందే వదులుకునే కొన్ని దెబ్బలు.
దాని పుణ్యాన తాతా మనవరాలూ
ఒకే కప్పు కోసం కొట్టుకోగలరు.
పూర్వం అది మెల్లగా కదిలేది,
దశాంశం పక్కన ఒక్కో అంకె, తల నెరిసినట్టు.
ఇప్పుడు చివరి ఇరవై ఆటల్లో
మేలైన ఎనిమిదింటి సగటు.
రాత్రి పడుకున్న అంకె పొద్దున్న లేచేసరికి ఉండదు.
పైగా ఒక్కో మైదానానికి ఒక్కో లెక్క.
పట్టిక గోడకి తగిలించాను.
దాని ముందు నిలబడి కళ్ళజోడు
పైకీ కిందకీ జరుపుకునేవాళ్ళని చూస్తే
మా ఊరి బస్సు వేళలు మారిన రోజు గుర్తొస్తుంది.

హ్యూయీ గెడ్డిస్ ముప్పై ఏళ్ళుగా పద్నాలుగు.
ఎండ్రకాయల బుట్టలు అల్లే మనిషి.
బార్‌లో అతని గ్లాసు అడుగున
పద్నాలుగు అని గీసి ఉంటుంది.
కొత్త లెక్క అతన్ని పంతొమ్మిది చేసింది.
ఐదు దెబ్బలు ఊరికే వస్తున్నాయి, పుచ్చుకో అన్నాను.
"నేనడిగానా, రోనా?
ముసలాడివయ్యావని మోకాలు చెబుతూనే ఉంది,
మళ్ళీ ఉత్తరం ఎందుకు?"

జూన్ రెండో శనివారం, ఎట్టకేలకి ఆట.
ముప్పై నలుగురు. పదింటికి ఎండ.
ఒంటిగంటకి సముద్రం మీంచి హార్ లేచింది
(ఈ తూర్పు తీరంలో పొగమంచు పేరది).
ముందు లైట్‌హౌసు పోయింది,
తర్వాత పదమూడో జెండా,
తర్వాత నా చెయ్యి.
హారన్ పొడుగ్గా మోగించాను.
ఒక్కొక్కరే వచ్చారు మంచులోంచి,
ట్రాలీలు, గొడుగులు, తడిసిన బూతులు.
కర్స్టీ మక్‌ఫెయిల్, పదహారేళ్ళ పిల్ల,
ఇంత బాగా ఎప్పుడూ ఆడలేదంటూ
నా టేబులు కాలిని తన్నింది.
పోటీ రద్దు. కప్పు మళ్ళీ బీరువాలోకి.

కొత్త నియమం ఇంకొకటుంది.
పోటీ రద్దయినా, పది గుంతలు ఆడితే
కార్డు హ్యాండిక్యాప్ లెక్కలోకి వస్తుంది.
ఆడనివాటికి కంప్యూటరు తనే ఒక అంకె వేస్తుంది,
ఆడి ఉంటే ఇలా ఆడేవాడివని.
రాత్రి తొమ్మిదిదాకా కార్డులెక్కించాను.
హ్యూయీ పన్నెండు ఆడాడు.
మిగిలిన ఆరూ అది ఆడేసింది,
మంచులో, మోకాలి నొప్పి లేకుండా.

ఆదివారం తెల్లారి బంకర్లు చదును చేయడానికి వెళ్తే
పచ్చిక మీద ఒక్క జత అడుగులు,
వాటి కొసన, పదమూడో గుంతకి గురిపెట్టి, ఒక మనిషి.
వద్దనడానికి నోరు తెరిచి, మూసుకున్నాను.

ఎనిమిదింటికి కార్డు తెచ్చి బల్ల మీద పెట్టాడు.
ఆరు అంకెలు. సాక్షి సంతకం చోట ఖాళీ.
"నీ మిషను ఎంతేసింది?"
చెప్పాను.
వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాడు.
"నాకంటే మూడు తక్కువ."
ఈ ఆటలో తక్కువే గొప్ప.
టోపీ తీసి, నీళ్ళు దులిపి, మళ్ళీ పెట్టుకున్నాడు.
"దానికింకా నా మీద నమ్మకముందే!"

ఆ కార్డు చెల్లదు.
పారెయ్యడానికి చేతులు రాక సొరుగులో పెట్టాను,
తెగిన రబ్బరు బాండ్ల పక్కన,
ఎవరిదో తెలియని గ్లవ్ పక్కన.

వచ్చే శనివారం గాలివాన అంటున్నారు.
పేర్ల కాగితంలో మూడో వరసలో
వంకర చేతిరాత: గెడ్డిస్, పద్నాలుగు.
కొట్టేసి పంతొమ్మిది వెయ్యాలి.
పెన్సిలు ఎక్కడో పెట్టాను.